రైతుశబ్దార్థమును ఆచార్య రంగాగారి యెన్నికలును

భారతదేశ శాసనసభల చరిత్రమున ఆచార్య గోగినేని రంగనాయకులుగారి పేరు సాధారణముగా నొక సంఖ్యతో ముడివడి వినవచ్చుచుండును. ఆయన 1930లో కేంద్రశాసనసభ ప్రవేశించి, నడుమ కొన్ని విరామములున్నను, 1991వఱకు సభాజీవితము గడపిరనియు, ఆ సేవాకాలము ఏబది యేండ్లకు తక్కువ గాదనియు, అది గిన్నీసు గ్రంథమున కెక్కినదనియు చెప్పుదురు. సంఖ్య సత్యమే. అయినను సంఖ్యవలన కాలపరిమాణము తెలియునే గాని కారణము తెలియదు. ఒకే వ్యక్తిని గుంటూరువారును, చిత్తూరువారును, శ్రీకాకుళమువారును వేర్వేఱు కాలములందు, వేర్వేఱు పక్షముల పేర, తమ ప్రతినిధిగా నెన్నుకొనుట యెట్లు సంభవించెను? పుట్టిన గడ్డయైన తెనాలి ప్రాంతముననే 1962లో ఆయనకు పరాజయ మేల కలిగెను? ఈ రెండు ప్రశ్నలకును ఒకే చోట సమాధానము వెదకవలసియున్నది. ఆ చోటు ‘రైతు’ అను శబ్దము. రంగాగారు తమ జీవితమున పక్షములను మార్చిరి, నియోజకవర్గములను మార్చిరి. ఈ శబ్దమును మాత్రము విడువలేదు. కాని వారు విడువని యా శబ్దమునకు లోకమున నర్థము మాఱుచు వచ్చెను.

రైతుశబ్దము తెలుగున దేశ్యము గాదు. అరబ్బీ భాషలో పశువులను మేపుట యను నర్థముగల ధాతువునుండి పుట్టి, మేపబడు మంద యనియు, ప్రభువుచే కాపాడబడు ప్రజ యనియు నర్థము చెప్పుకొని, పారసీకము ద్వారమున ఇది మన శిస్తులెక్కలలోనికి వచ్చినది. కాపు, కర్షకుడు, హాలికుడు, సేద్యగాడు అను పదములు చేయు పనినిబట్టి యేర్పడినవి. రైతుపద మట్లు గాక, శిస్తు చెల్లించు సంబంధమునుబట్టి యేర్పడినది. కావున ఆదినుండియు ఇది యొక సాపేక్షశబ్దము. ఎవనికి చెల్లించువాడు రైతు, అను నాకాంక్ష యిందు నిలిచియే యుండును. చెన్నరాజధానిలో 1802 నాటి శాశ్వతపరిష్కారము జరిగిన చోట్ల రైతు జమీందారునకు చెల్లించువాడు. మన్రో దొరగారు స్థిరపఱచిన రయిత్వారీ పద్ధతి నడచిన చోట్ల నేరుగా ప్రభుత్వమునకు చెల్లించు పట్టాదారు. ఈ రెండర్థములలో దేనియందును చేరక, అదే పొలమున పనిచేయువారు మఱి యిరువురు కలరు: కౌలుదారు, పాలేరు. శబ్దము వీరిని కలుపుకొనునా, వెలి యుంచునా యనుటయే తరువాతి చరిత్రమున కంతకును మూలమైన ప్రశ్న.

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీని గుంటూరు మండలములోని నిడుబ్రోలున జన్మించిరి. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి 1926లో బి.లిట్. పట్టమును బడసి, స్వదేశమునకు వచ్చి చెన్నపురిలోని పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. పేరునకు ముందు ‘ఆచార్య’ అను బిరుదము నిలుచుట కిదియే కారణము. భారతదేశ గ్రామముల యార్థికవ్యవస్థను గుఱించియు, చేనేత పరిశ్రమను గుఱించియు వారు వ్రాసిన గ్రంథములు ఆ కాలపువి. డెల్టా గ్రామములందలి సేద్యపు ఖర్చులు, ఆదాయములు, అప్పులు కన్నులార చూచి లెక్కించిన విద్వాంసు డగుటవలన, ఆయన రాజకీయ ప్రవేశము ఆవేశముతోగాక లెక్కలతో మొదలయ్యెను. 1930 ప్రాంతమున ధరలు కూలిపోయి, కృష్ణా గోదావరీ మండలములలో శిస్తు పెంపుదలపై రైతులు ఆందోళనము సల్పుచున్న కాలమున, వారి పక్షమున నిలిచి గ్రామగ్రామము తిరిగిరి. 1934లో నిడుబ్రోలున రైతాంగ విద్యాలయమును నెలకొల్పిరి. 1936లో లక్నోనగరమున అఖిలభారత కిసానుసభ యేర్పడినప్పుడు, స్వామి సహజానంద సరస్వతిగారు అధ్యక్షులుగాను, రంగాగారు ప్రధాన కార్యదర్శిగాను ఉండిరి.

ఆనాటి రైతుశబ్దమున కొక సౌలభ్యము కలదు. ఎదుట జమీందారు, వెనుక ప్రభుత్వపు శిస్తు, పక్కన వడ్డీ వ్యాపారి నిలిచియుండగా, పొలముతో బ్రతుకు ముడివడిన ప్రతివాడును ఆ శబ్దమున నిమిడెను. నైయాయికుల పరిభాషలో చెప్పవలెనన్న, ప్రతియోగి స్పష్టముగా నున్నందున పదార్థము స్పష్టమయ్యెను. వేంకటగిరి జమీ రైతులకును డెల్టాలోని పట్టాదారులకును శిస్తు చెల్లించు ప్రభువులు వేఱైనను, వారి బాధ యొకటిగా చెప్పుట సాధ్యమయ్యెను. ఆ రెండు వర్గములును కలసిన గుంటూరు–నెల్లూరు నియోజకవర్గమునుండియే 1934లో రంగాగారు కాంగ్రెసు పక్షమున కేంద్రశాసనసభకు వచ్చిరి.

ఆ యెన్నికలో వోటు వేయగలవా రెవరను విషయము పరిశీలింపదగినది. 1919 నాటి చట్టముక్రింద కేంద్రశాసనసభకు వోటుహక్కు ఆస్తి, పన్ను, శిస్తు అర్హతలనుబట్టి యీయబడినది. 1934లో బ్రిటిషు ఇండియా యంతటను వోటర్లు సుమారు 14 లక్షలు మాత్రమే. పల్లెలలో వోటరనగా చెప్పుకోదగిన శిస్తు చెల్లించువాడు. అనగా వోటరును రైతును దాదాపొకే వ్యక్తి. కౌలుదారునకును పాలేరునకును రైతుశబ్దమున చోటున్నను లేకున్నను, వోటరు జాబితాలో మాత్రము చోటు లేదు. కావున శబ్దము విస్తృతమా, సంకుచితమా యనుట కా యెన్నిక పరీక్ష కాలేదు. రంగాగారి మొదటి విజయములకు తర్వాతి విజయాపజయములకు గల భేద మిచ్చటనే యున్నది.

1946లో వారు చెన్నరాజధానినుండి రాజ్యాంగపరిషత్తున సభ్యులైరి. ఇది రాష్ట్రశాసనసభ్యుల వోటువలన వచ్చిన స్థానము. ప్రజల ప్రత్యక్షనిర్ణయము గాదు. అయినను 1947 జనవరిలో లక్ష్యతీర్మానముపై వారు చేసిన యుపన్యాసము వారి జీవితమున ముఖ్యమైనది. అల్పసంఖ్యాకు లెవరను వివాదము సాగుచుండగా, నిజమైన అల్పసంఖ్యాకులు మతమునుబట్టి యేర్పడువారు గారనియు, సామాన్యమైన పౌరహక్కులనైన నుపయోగించుకొనలేని నిరుపేద ప్రజాసామాన్యమే యనియు వారు వాదించిరి. కొండజాతులవారి భూములు అన్యాక్రాంతము కారాదని ఆచారమున్నను, వర్తకులు పోయి వానిని లాగుకొనుచున్నారని చూపి, కాగితముమీది హక్కు నిలుపుకొను శక్తి లేనివానికి ప్రయోజనకారి గాదనిరి. రైతుశబ్దమున కంతటి విస్తృతార్థమును వారే తరువాత నెన్నడైన చెప్పిరో లేదో విచారింపదగినది.

1948లో చెన్నరాజధాని ప్రభుత్వము ఎస్టేటుల రద్దుచట్టమును చేసెను. జమీందారీలు పోయి ఆ భూములు రయిత్వారీ అయ్యెను. రైతు ఉద్యమమునకిది జయము. కాని జమీందారు పోవుటతో రైతుశబ్దమునకు ప్రతియోగి లోపించెను. ఇకమీద పట్టాదారున కెదురుగా నిలుచువాడు పైనున్న ప్రభువు గాక, క్రిందనున్న కౌలుదారును కూలియునైరి. కిసానుసభలో కమ్యూనిస్టులకును రంగాగారికిని 1940 తరువాతి యేండ్లలో వచ్చిన యెడబాటు దీనికి పూర్వసూచన. వారు పేదరైతును, కూలిని ముందుంచి మాటలాడిరి. రంగాగారు స్వంత పొలమును స్వయముగా దున్నుకొను కుటుంబమును ముందుంచిరి.

అనంతరము పక్షముల కథ. 1946నుండి ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులైన రంగాగారు, 1951లో ఆ పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారిచే నోడిపోయిరి. ఆ యేడే కాంగ్రెసును వీడి కృషికార్ లోకపక్షమును స్థాపించిరి. 1952లో చెన్నరాష్ట్ర శాసనసభకు ఆ పక్షమువారు 15 మంది యెన్నికైరి. రంగాగారు రాజ్యసభకు వచ్చిరి. 1955లో ఆంధ్రరాష్ట్రమున కమ్యూనిస్టుల గెలుపు తథ్యమని పలువురు తలచుచుండగా, కాంగ్రెసు, కృషికార్ లోకపక్షము, ప్రజాపక్షము ఏకమై పోటీచేసి 196 స్థానములలో 146 గెలిచినవి. కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కినవి. అయినను వోట్లలో కమ్యూనిస్టుల భాగము నూటికి 31 పాళ్లు. ఈ సంఖ్యలు జ్ఞాపకముంచుకొనదగినవి. స్థానములు పోయినను ఆ వోటు పోలేదు. ఎదుటివా రేకమైనందున మాత్ర మణగియుండెను. తరువాత రంగాగారు కాంగ్రెసున చేరి 1957లో తెనాలినుండి లోకసభకు గెలిచిరి. వయోజన వోటుహక్కుపై ప్రజల ప్రత్యక్షసమ్మతితో వారు సభకు వచ్చుట యిదే ప్రథమము. అప్పటికి దేశమున వోటర్లు సుమారు 19 కోట్లు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ భూపరిమితిని, సహకార సమష్టిసేద్యమును లక్ష్యములుగా తీర్మానించెను. కాంగ్రెసు పార్లమెంటరీ పక్షమునకు కార్యదర్శిగా నుండిన రంగాగారు దానిని నిరాకరించి వెలువడిరి. ఆ యేడే రాజగోపాలాచార్యులవారి ప్రేరణమున స్వతంత్రపక్షము పుట్టెను. రంగాగారు దాని ప్రథమాధ్యక్షులు. పాణిని కర్తృసంజ్ఞను స్వతంత్రునికి విధించినాడు గదా. రంగాగారి యాక్షేపము సారాంశమున నీ కర్తృత్వమును గూర్చినదే. ఏ పైరు వేయవలెను, ఎప్పుడు కోయవలెను, ఎంతకు విక్రయింపవలెను అని నిశ్చయించువాడు రైతు. సమష్టిసేద్యమున నిశ్చయము మఱియొకరిదగును. రైతు సాధనమాత్రమై, కరణకారకముగా మిగులును. ఈ వాదము పట్టాదారునకు సహజముగా హృదయంగమము. కాని నిశ్చయించుటకు పొలమే లేనివాని కీ వాదమున చోటు కనబడదు.

1962 సాధారణ యెన్నికలలో ఈ లోపము ఫలించెను. తెనాలి స్థానము కమ్యూనిస్టు పక్షమునకు పోయి, రంగాగారు పరాజితులైరి. దీనికి రెండు కారణములు తోచుచున్నవి. 1955లో నొక్కటిగా నిలిచిన కమ్యూనిస్టేతర పక్షములు ఇప్పుడు కాంగ్రెసు, స్వతంత్రమని చీలినవి. కావున ముందు చెప్పిన యణగియున్న వోటు పైకి వచ్చినది. ఇది లెక్కకు సంబంధించిన కారణము. రెండవది అర్థమునకు సంబంధించినది. కాలువల క్రింది మాగాణి భూములలో కూలిజనము విస్తారము. వయోజన వోటుహక్కువలన పాలేరు వోటును పట్టాదారు వోటును తూకమున సమానమైనవి. రైతుస్వాతంత్ర్యమను నినాదము తమదిగా ఆ జనము గ్రహింపలేదు. మొదటి కారణమొక్కటియే చాలునని కొందఱందురు. కాని చీలిక వచ్చుట కసలు హేతువు రైతుశబ్దార్థమును గుఱించిన వివాదమే యగుటచేత, రెండవ కారణము మొదటిదానిలో నంతర్భూతమై యున్నదనుట సమంజసము.

ఆ యేడే చిత్తూరునుండి గెలిచిన మాడభూషి అనంతశయనము అయ్యంగారుగారు బీహారు గవర్నరు పదవికి పోవుటచే ఆ స్థానము ఖాళీయయ్యెను. 1934 నాటి కేంద్రశాసనసభలో వీరిరువురును తోటి సభ్యులు. ఆ యుపయెన్నికలో నెగ్గి రంగాగారు మూడవ లోకసభకు వచ్చిరి. 18 మంది సభ్యులుగల స్వతంత్రపక్షమున కచ్చట నాయకులైరి.

చిత్తూరు ప్రతినిధిగా వారు చేసిన పనులలో మిక్కిలి విచారణీయమైనది 17వ రాజ్యాంగ సవరణపై జరిపిన పోరాటము. 1964లో శాసనమైన యీ సవరణ, రాజ్యాంగము 31-ఎ అధికరణమందలి ‘ఎస్టేటు’ అను పదమునకు నిర్వచనమును విస్తరింపజేసి, రయిత్వారీ భూములనుగూడ నందు చేర్చెను. దీనివలన భూసంస్కరణ చట్టములను ప్రాథమికహక్కుల పేర ప్రశ్నించు మార్గము రయిత్వారీ పట్టాదారునకు చాలవఱకు మూతపడెను. స్వయముగా సేద్యము చేయుచున్న, పరిమితికి లోబడిన భూమిని తీసికొన్నచో విపణిధర చెల్లింపవలెనను రక్షణ మాత్రము మిగిలెను. రంగాగారి యౌవనమంతయు ఎస్టేటులపై పోరాటమున గడచినది. అప్పు డెస్టేటనగా జమీందారుది. రైతు దానికి ప్రతిపక్షి. ఇప్పుడు శాసనకర్తలు రైతు పొలమును ఎస్టేటనిరి. ఒక్క నిర్వచనముతో రైతు జమీందారు స్థానమున నిలువబెట్టబడెను. సభలో దీని నెదిరించుట రంగాగారికి పక్షవాదముకంటె మించిన కార్యము. తమ జీవితార్థమును కాపాడుకొనుట వంటిది. వారి వాదమున న్యాయము కలదు, ఏలయన అయిదెకరముల పట్టాదారు నేబదివేల యెకరముల ప్రభువుతో నొకే పేర పిలుచుట శబ్దమునకు చేసిన బలాత్కారము. ఎదుటివారి వాదమునను న్యాయము కలదు, ఏలయన పెద్ద పట్టాదారుని క్రింది కౌలుదారునకు జమీందారీ రద్దువలన నేమియు దక్కలేదు.

1967లో రంగాగారు శ్రీకాకుళమునుండి లోకసభకు వచ్చిరి. స్వస్థలమునకు దూరమైన యా మండలమున వారికి బలము గౌతు లచ్చన్నగారు. ఆయన జమీందారీ వ్యతిరేకోద్యమమున పెరిగిన నాయకుడు, రంగాగారికి శిష్యప్రాయుడు. ఆ మండలమున జమీందారీకాలపు జ్ఞాపక మింకను ఆఱలేదు. మందస జమీలో 1940లో రైతులపై జరిగిన కాల్పులు, అందు గున్నమ్మ ప్రాణము గోల్పోవుట జనుల నోట నున్నవి. రైతుశబ్దము పూర్వార్థముతోడనే వినబడుచున్న చోటు గనుక రంగాగారిని ఆదరించినదనుట యుక్తము. ఆ యెన్నికలలో స్వతంత్రపక్షము లోకసభలో 44 స్థానములతో ప్రతిపక్షములలో మొదటిదయ్యెను. కాని అదే మండలపు మన్యమున, ఆ సంవత్సరములందే, భూమి గోల్పోయిన గిరిజనుల తిరుగుబాటు సాయుధరూపమును దాల్చెను. కొండజాతుల భూములను వర్తకులు లాగుకొనుచున్నారని 1947లో రాజ్యాంగపరిషత్తున చెప్పిన వాక్యము ఇరువది యేండ్ల తరువాత ఆయన ప్రాతినిధ్యము వహించిన మండలముననే ఋజువయ్యెను. ఈ యోగము చరిత్రకారుల దృష్టి నాకర్షింపవలసినది.

1971లో స్వతంత్రపక్షము 8 స్థానములకు దిగజారెను. రంగాగారికి లోకసభలో స్థానము లేకపోయెను. 1972లో రాజాజీ గతించిరి; 1974లో ఆ పక్షము భారతీయ లోకదళమున విలీనమయ్యెను. రంగాగారు కాంగ్రెసునకు మరలి, 1977నుండి 1980వఱకు రాజ్యసభలో నుండి, 1980లో గుంటూరునుండి లోకసభకు గెలిచిరి. 1984లో తెలుగుదేశ ప్రభంజనమున ఆంధ్రప్రదేశమందలి 42 స్థానములలో ఆ పక్షమునకు 30, కాంగ్రెసునకు 6 మాత్రమే వచ్చినవి. ఆ యాఱింటిలో గుంటూరొకటి. 1989లో మరల అక్కడనే గెలిచి, తొమ్మిదవ లోకసభ మొదట సమావేశమైనప్పుడు తాత్కాలిక సభాపతిగా నూతన సభ్యులచే ప్రమాణము చేయించిరి. ఆ యేడే అమలునకు వచ్చిన 61వ రాజ్యాంగ సవరణవలన 18 యేండ్లవారికి వోటు లభించి, దేశమున వోటర్లు సుమారు 50 కోట్లయిరి. 14 లక్షల వోటర్ల కాలమున సభకు వచ్చినవారు 50 కోట్ల కాలమునను సభలో నుండుట గిన్నీసువారు లెక్కించిన యేండ్లకంటె చెప్పదగిన విశేషము.

ఇచ్చట నొక పూర్వపక్షము. కాంగ్రెసు, కృషికార్ లోకపక్షము, మరల కాంగ్రెసు, స్వతంత్రము, మరల కాంగ్రెసు అని యిన్నిమార్లు మాఱినవానికి సిద్ధాంతమెక్కడిది యని. ఉపసర్గము ధాత్వర్థమును వేఱొకచోటికి గొనిపోవునని వైయాకరణులలో నొక మతము; ధాతువునందే యున్న యర్థమును ద్యోతింపజేయునని మఱియొక మతము. రంగాగారి విషయమున రెండవ మతమే సరిపడును. 1951లోను 1959లోను వారు విడిచినది పక్షమును. కృషికార్ లోకపక్షపు పేరున నున్నదియు, స్వతంత్రపక్షమున వాదించినదియు నొకే యర్థము: భూమి దున్నువాని స్వామ్యము దున్నువానిదే. ఆ యర్థమున కనుకూలించిన చోట వారుండిరి. 1951 నాటి నిష్క్రమణమున పదవీపరాజయము కూడ నొక హేతువనుట నిజమే. కాని 1959లో వారు పదవిని పోగొట్టుకొని వెడలిరి గాని పదవికై వెడలలేదు.

సిద్ధాంతము స్థిరమనుట యొకటి, సమగ్రమనుట వేఱొకటి. దున్నువాడను పదమునకు రంగాగారు చెప్పుకొన్న యర్థమున, పట్టాలేక దున్నువాడు పూర్తిగా చేరలేదు. 1934లో వోటరు జాబితా వానిని వెలి యుంచినందున ఈ లోపము బయటపడలేదు; 1962లో జాబితా వానిని చేర్చుకొనగా బయటపడెను. తరువాతి గుంటూరు విజయములు ఈ లోపమును పూరించుటవలన గాక, పెద్ద పక్షపు బలమువలనను, వృద్ధనాయకునిపై గల గౌరవమువలనను వచ్చినవనుట సత్యమునకు దగ్గఱ. రంగాగారి మహత్త్వమున కిది హానికరము గాదు. జమీందారు, ప్రభుత్వము, సమష్టిసేద్య ప్రణాళిక, ఈ మువ్వుర యెదుటను చిన్న పట్టాదారుని పక్షమున నఱువది యేండ్లు నిలిచి మాటలాడినవాడు భారతదేశ శాసనసభలలో మఱియొకడు లేడు.

1991లో వారికి పద్మవిభూషణ బిరుదము వచ్చెను. సభాజీవితమును ఆ యేడే ముగిసెను. 1995 జూన్ మాసమున వారు పరమపదించిరి. 1996లో ఆంధ్రప్రదేశ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడెను. వారి సభోపన్యాసములు పార్లమెంటు సంపుటములందు అచ్చుపడియున్నవి. వానిని పరిశోధించువారు, రైతుశబ్దము వచ్చిన ప్రతిచోటను, అందు పట్టాదారే యుద్దేశింపబడెనా, కౌలుదారుడునా, కూలియునా యని సంవత్సరక్రమమున గుర్తించి చూచినయెడల, ఒక నాయకుని చరిత్రముతో పాటు, తెలుగువారి నోట నిత్యము మెలగు నొక పదము అఱువది యేండ్లలో నెంత విరివియై, యెక్కడ ముకుళించినదో తేలగలదు.